విరగని రోజులు

ముప్పై ఏళ్ళుగా ఇనుము విరగ్గొట్టి బతుకుతున్న మనిషిని నేను. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదనే మొన్నమొన్నటి దాకా అనుకున్నాను. మా ఇంజనీరింగ్ సంస్థలో లోహశాస్త్ర విభాగానికి అధిపతిని. పేరు త్రినాథం. అధిపతి అంటే మాట పెద్దదే గానీ, నా ఏలుబడిలో ఉన్నవి మూడు గదులు, ఒక లాగుడు మెషిన్, ఒక సుత్తి మెషిన్, నాలుగు మైక్రోస్కోపులు, ఇంకా మా ల్యాబ్ మెకానిక్ పైడిరాజు. నిజం చెప్పాలంటే పైడిరాజు ఏలుబడిలోనే నేనుండేవాణ్ణి.

మా పని చాలా తేలిక. ఎవరైనా ఇనుప కడ్డీ తెచ్చి ఇస్తారు. దాన్ని మెషిన్ దవడల్లో బిగించి తెగేదాకా లాగుతాం. ఎన్ని టన్నుల దగ్గర విరిగిందో ఆ అంకె కాగితం మీద రాసిస్తాం. విరిగిన రెండు ముక్కల్నీ మళ్ళీ కలిపి పెట్టి, మొత్తం ఎంత సాగిందో స్కేలుతో కొలుస్తాం. పిల్లలకి నాలుగేళ్ళు నేర్పేది ఇదే. పరిశోధన పేరుతో మేము ఇంకా తెలుసుకునేదీ ఇదే. మేము ఇక్కడ విరగ్గొడితే బయట విరగకుండా ఉంటుంది. ఇంతకు మించి మా శాస్త్రంలో రహస్యం లేదు.

ఇలా ఉండగా మా సంస్థకి ర్యాంకింగు జ్వరం పట్టుకుంది. ఆ దరఖాస్తులో నలభై ఏడో ప్రశ్న: ‘సంస్థ తన ఆస్తులను విరగకుండా, చెడకుండా ఎలా కాపాడుకొనుచున్నది? ఆధారములు జతపరచుడు.’ మార్కులు యాభై. డైరెక్టర్ ప్రభంజనరావు గారు అన్ని విభాగాల నుంచీ విరిగిన వస్తువుల జాబితాలు తెప్పించుకున్నారు. మర్నాడే నాకు పిలుపొచ్చింది.

“త్రినాథం గారూ,” అన్నారు, కళ్ళజోడు నుదుటి మీదకి తోసి. “భౌతికశాస్త్రం వాళ్ళు రెండు కటకాలు పగలగొట్టారు. క్యాంటీన్లో పదకొండు గ్లాసులు. హాస్టలు పిల్లలు కోతులని మనం ఎప్పుడో ఒప్పేసుకున్నాం, వాళ్ళు కూడా ముప్పై ఒక్క కుర్చీలతో ఆగారు. మీ విభాగం పదకొండు వందల నలభై ఆరు! ఇది బోధనా విభాగమా, కూల్చివేతల విభాగమా?”

తప్పు నాదే. పన్నెండేళ్ళ కిందట ఒక తనిఖీ అధికారి వచ్చి, సంస్థ గేటు దాటి లోపలికొచ్చిన ప్రతి వస్తువూ సంస్థ ఆస్తేనని తేల్చి వెళ్ళాడు. ఆయనతో వాదించే ఓపిక లేక, పరీక్షకొచ్చిన ప్రతి కడ్డీనీ స్టాకు రిజిస్టర్లో ఎక్కించి, విరిగాక ‘విరిగినది’ అని రాసి సంతకం పెడుతూ వచ్చాను.

“సర్, విరగ్గొట్టడమే కదా మా పని,” అన్నాను.

“అలా బాహాటంగా ఒప్పుకోకండి,” అన్నారాయన తలుపు వైపు చూస్తూ. “ఇప్పుడు సంరక్షణ యుగం నడుస్తోంది. మీకు అది ఇబ్బంది అయితే చెప్పండి, సమగ్ర దృక్పథంతో ఆలోచించి మీ విభాగాన్ని మెకానికల్లో విలీనం చేద్దాం.”

విలీనం అనగానే మెకానికల్ వాళ్ళ వరండా చివర, జిరాక్స్ మెషిన్ పక్కన, డ్రాయరు సరిగ్గా పట్టని ఒక బల్ల నా కళ్ళముందు నిలిచింది. ఆ బల్ల భయంలో నా నోట్లోంచి ఒక మాట జారిపడింది. ఇదంతా డైరెక్టర్ గారి పిచ్చి అని ఇప్పుడు అందరూ అంటారు. కాదు. ఆ తెలివి నాది.

“సర్, సగం దాకా లాగి ఆపేస్తే?”

ఆయన లేచి వచ్చి నా భుజం తట్టారు. సర్వీసు మొత్తం మీద నా భుజం ఎవరైనా తట్టడం అదే మొదలు. అందుకే ఆయన నోట్సు రాయమంటే ఉత్సాహంగా కూర్చుని సర్క్యులర్ మొత్తం నేనే రాసిపెట్టాను.

దాని పేరు అఖండ సంకల్పం. ‘ఇందుమూలముగా సమస్త విభాగములకు తెలియజేయునది ఏమనగా, ఇకపై సంస్థ ప్రాంగణమున ఏ వస్తువునూ విరచుట, వంచుట, గీచుట, నొక్కుట, కాల్చుట నిషేధము.’ విరిగిన వస్తువుల లెక్క బదులు విరగని రోజుల లెక్క పెట్టాలన్నది కూడా నా సలహాయే. నిబంధన మూడు (బి): ‘ఏ దినమున నష్టము సంభవించునో ఆ దినమున బోర్డుపై సున్న వేయవలెను. ఒక దినమునకు ఒకే నమోదు.’ రోజూ లెక్క రాయడం పైడిరాజుకి సులువుగా ఉంటుందని ఆ చివరి వాక్యం చేర్చాను. నేను సర్వీసులో చేసిన ఒకే ఒక మంచి పని అదేనని అప్పుడు నాకు తెలియదు.

మా ల్యాబ్ గుమ్మం మీద బోర్డు వెలిసింది. ‘విరగని రోజులు: 1’.

పైడిరాజు దాన్ని చదివాడు. “ఏటండి బాబూ ఇది? కడ్డీ సగం దాకా లాగి ఆపీమంటారు. అన్నం సగం ఉడికించి దించీసి, బాగుందని సెప్పమన్నట్టుంది.”

“పైవాళ్ళ ఆదేశం పైడిరాజూ,” అన్నాను. పైవాళ్ళు అన్నప్పుడు నేను నా వేలు పైకి చూపించాను, నా వైపు కాదు.

మెషిన్ ముందున్న గడియారం లాంటి పెద్ద డయలు మీద, ప్రతి కడ్డీకీ విరగాల్సిన బరువులో సగం దగ్గర ఎర్రగీత గీయడం మొదలుపెట్టాను. ముల్లు గీతని తాకగానే మెషిన్ ఆపేస్తాం. విరగని కడ్డీ సంస్థ ఆస్తి కాబట్టి పారేయడానికి వీల్లేదు. పేరూ తేదీ రాసిన చీటీ కట్టి అద్దాల బీరువాలో దాచాలి. ఇక కాగితం మీద రాయడానికి అంకె లేదు గనక, దాని స్థానంలో నేనొక వాక్యం తయారుచేశాను: ‘పరీక్షించిన నమూనా పరీక్షానంతరము కూడా అఖండముగా నున్నదని ధ్రువీకరించడమైనది.’ చదివిన వాళ్ళకి ధైర్యం వచ్చేలా ఉంటుంది. చెప్పేది ఏమీ ఉండదు.

తర్వాత ఒకటొకటీ దాని దారిన అది నడిచింది. సుత్తి మెషిన్లో లోలకంలా ఊగే పెద్ద సుత్తి ఒకటుంటుంది, ముక్కని ఒక్క దెబ్బకి విరగ్గొట్టడానికి. ఇప్పుడు పైడిరాజు దాన్ని రెండు చేతులా పట్టుకుని మెల్లగా దించి, ముక్కకి ఆనించి, వెనక్కి తీసుకొచ్చేవాడు. మైక్రోస్కోపు కింద పెట్టే ముందు లోహం మీద కాస్త యాసిడ్ రాయాలి, అప్పుడే లోపలి అల్లిక కనిపిస్తుంది. యాసిడ్ పోయడం ఆస్తిపై దాడి కిందికి వస్తుందని సంకల్పం అమలుకి వేసిన కమిటీ తేల్చింది. పిల్లలు అద్దంలా మెరిసే ఇనుము మీద తమ కనుగుడ్డే చూసుకుని, బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నారు.

విజయదశమి ముందు ఆయుధపూజ వచ్చింది. ఏటా మెషిన్ ముందు కొబ్బరికాయ కొడతాం. కాయ గేటు దాటి వచ్చింది, రిజిస్టర్లో ఎక్కింది. పురోహితుడు కాయ పైకెత్తగానే డైరెక్టర్ గారు ఆయన మోచెయ్యి పట్టుకున్నారు. చివరికి కాయని మెషిన్ చుట్టూ మూడుసార్లు తిప్పి, చీటీ కట్టి బీరువాలో పెట్టాం. నెల తిరిగేసరికి ఆ గదిలోకి ముక్కు మూసుకుని వెళ్ళాల్సి వచ్చింది గానీ, కాయ మాత్రం అఖండంగానే ఉంది.

ఆ ఏడాది మౌఖిక పరీక్షకి బయటి నుంచి వచ్చిన ఆచార్యుడు మా కుర్రాణ్ణి, “మెత్తటి ఉక్కు ఎప్పుడు విరుగుతుంది?” అని అడిగాడు. “మా కాలేజీలో విరగదు సర్,” అన్నాడు వాడు. వాడు చెప్పింది నిజమే గనక మార్కులు తగ్గించడానికి నాకు దారి దొరకలేదు.

నిజంగా బాధపడింది తబస్సుమ్. లోహంలో పగులు ఎలా పెరుగుతుందో నాలుగేళ్ళుగా పరిశోధిస్తున్న పిల్ల. “సర్, పగులు గురించి చెప్పాలంటే ఏదో ఒకటి పగలాలి కదా,” అంది నా గదికొచ్చి. నేను ఆమెని డైరెక్టర్ గారి దగ్గరికి పంపాను. ఆయన చాలా మర్యాదగా కూర్చోబెట్టి, పగులుకి ముందు దశల మీద దృష్టి పెట్టమనీ, అది సానుకూలంగా ఉంటుందనీ చెప్పారట. ఆమె తిరిగొచ్చి, నా వంక ఒక్కసారి చూసి తన బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది. ఆ చూపు గుర్తొస్తే ఇప్పటికీ నాకు తల ఎత్తాలనిపించదు.

కానీ గిరాకీ చూడండి! మా ల్యాబ్‌లో పెడితే ఏదీ విరగదని ఊరూరా పాకింది. ఇదివరకు మా పేరు చెబితే తప్పుకు తిరిగిన వ్యాపారులు వరసకట్టారు. పాత తుక్కు కరిగించి కడ్డీలు తీసే ఒక డీలరైతే వారానికి రెండుసార్లు వచ్చేవాడు. పరిశ్రమల వాళ్ళకి మూడు రోజుల శిక్షణ పెట్టాం, పేరు ‘పరిరక్షణాత్మక పరీక్షా విధానాలు’. అందులో మొదటి రోజు పరిచయం, రెండో రోజు మెషిన్ దగ్గర ఫొటోలు, మూడో రోజు పట్టాల పంపిణీ.

ఒకరోజు పిల్లల పార్కుల కాంట్రాక్టరు ఒకాయన ఊయల కొక్కెం ఒకటి తెచ్చాడు. సగానికి లాగి, ఆపి, కాగితం ఇచ్చాను.

“ఎంతకి ఆగుతుందో అంకె ఉండదాండీ?” అన్నాడు. నేను ఏదో అనేలోపే తనే నవ్వేసి, “పిల్లల బరువెంత లెండి!” అన్నాడు.

“అవును లెండి,” అన్నాను నేను. సంతకం పెట్టి, కొక్కేనికి చీటీ కట్టి, బీరువాలో పెట్టాను.

బోర్డు మీద అంకె నాలుగు వందలు దాటింది. అప్పుడొచ్చింది నూకరత్నం.

ఆమెకి చింతలరేవు పక్కన రేకుల షెడ్డులో కమ్మరి పని. మరమ్మతుకి పడవల్ని ఒడ్డుకి లాగే గొలుసులు, కొక్కేలు తయారుచేస్తుంది. చీర కొంగు నడుముకి బిగించి, భుజం మీద పదహారు మిల్లీమీటర్ల కడ్డీ పెట్టుకుని మా వరండాలోకి వచ్చింది. చేతిలో ఒక కాగితం. అది మాదే. కడ్డీలు అమ్మిన తుక్కు డీలరు ఆ కాగితం నకలు ఆమెకి ఇచ్చాడు.

“బాబూ, దీని మీద అంకె ఏదీ?” అంది.

“అఖండంగా ఉందని రాశాం కదమ్మా.”

“అది సదివేను. ఎంత బరువుకి ఇరుగుద్దో సెప్పమంటే ఇరగలేదంటారేటి? ఇదివరకు మీ కాయితం మీద అంకె ఉండీది. ఆ అంకెలో నాలుగో వంతు బరువే గొలుసు మీద ఏసీవోళ్ళం. ఇప్పుడు దేన్లో నాలుగో వంతు ఏమంటారు?”

జవాబు ఉన్నవాడిలా ముఖం పెట్టాను.

“కొలిమిలో పెట్టి సుత్తేస్తే మోత తేడాగా ఉంది బాబూ. మంచి ఇనుం గంటలాగ పలుకుద్ది. ఇది పగిలిన సట్టిలాగ పలుకుతంది. ఈ గురువారం పెద్ద బోటు లాగాలి. మా తమ్ముడు ఎల్లాజీ, ఇంకో పదకొండుమంది గొలుసు పక్కనే నిలబడతారు. గొలుసు తెగితే ఎనక్కొచ్చి కొట్టీ దెబ్బకి మనిషి మిగల్డు. ఇరగ్గొట్టి సూపించండి, మీకు పున్నెం ఉంటాది.”

నేను ఎప్పటిలా దరఖాస్తు తీసి ఆమె ముందు పెట్టాను. అందులో నాలుగో కాలమ్: ‘నేను సమర్పించు నమూనా విరగదని ఇందుమూలముగా హామీ ఇచ్చుచున్నాను.’ పైడిరాజు చదివి వినిపించాడు.

“ఇరుగుద్దో లేదో తెలీకే గదా వొచ్చేను! ఇరగదని నన్నే రాసిమ్మంటారేటి?” అంది నూకరత్నం. కోపం కాదు, నిజంగానే అర్థం కాక అడిగింది. చదువుకున్నవాళ్ళ దగ్గర ఏదో కారణం ఉంటుందని ఆమె నమ్మకం.

పదిహేను రోజుల తర్వాత రమ్మన్నాను. గురువారం ర్యాంకింగు తనిఖీ బృందం వస్తోందని, అప్పటిదాకా ఊపిరాడదని చెప్పాను. ఆమె కడ్డీ అక్కడే గోడకి ఆనించి, వెనక్కి తిరిగి చూస్తూ వెళ్ళిపోయింది.

బుధవారం డైరెక్టర్ గారు ఫోన్ చేశారు. తనిఖీ బృందానికి ప్రత్యక్ష ప్రదర్శన కావాలట. “ఒక ప్రామాణిక లబ్ధిదారు ఉంటే బాగుంటుంది. మహిళ అయితే శ్రేష్ఠం. చేతివృత్తి అయితే పరమ శ్రేష్ఠం,” అన్నారు. నాకు నూకరత్నం గుర్తొచ్చి, కబురు పెట్టాను. ఆమెకి మేలు చేద్దామని కాదు. డైరెక్టర్ గారు అడిగినవన్నీ ఆమెలో ఉన్నాయని.

గురువారం పదకొండు గంటలకి ల్యాబ్ నిండిపోయింది. తనిఖీ బృందం అంటే ఇద్దరు. ఒకాయన సన్నగా, ఒకాయన కొత్త బూట్లతో. గుమ్మం మీద ‘విరగని రోజులు: 412’కి బంతిపూల దండ. నూకరత్నం ఉతికిన చీర కట్టుకుని మెషిన్ పక్కన నిలబడింది. మధ్యాహ్నం రెండింటికి సముద్రం పోటు మీదుంటుంది, అప్పుడే బోటు లాగాలి. ఆమె మాటిమాటికీ గోడ గడియారం చూస్తోంది. నా చెవి దగ్గరికొచ్చి, “ఇరగ్గొడతారు గదా బాబూ?” అంది. నేను దగ్గాను.

“మాన్యులారా,” అని అందుకున్నారు డైరెక్టర్ గారు. “ఇతర ప్రయోగశాలలు వినాశం ద్వారా విజ్ఞానాన్ని అన్వేషిస్తాయి. మేము సంయమనం ద్వారా. నాలుగు వందల పన్నెండు రోజులుగా ఈ మెషిన్ ఒక్క కడ్డీ మనసు కూడా నొప్పించలేదు.”

కొత్త బూట్లాయన రాసుకున్నాడు.

పైడిరాజు కడ్డీ బిగించాడు. పదహారు మిల్లీమీటర్ల మంచి కడ్డీ ఎనిమిది టన్నుల పైన గానీ విరగదు. నాలుగు దగ్గర నేను గీసిన ఎర్రగీత ఉంది. మెషిన్ మూలగడం మొదలుపెట్టింది. డయలు మీద రెండు ముళ్ళుంటాయి. నల్లది బరువుతో పాటు పైకి వెళ్తూ, ఎర్రదాన్ని తోసుకుపోతుంది. ఒక టన్ను. రెండు. నా చెయ్యి మీట మీదే ఉంది, నాలుగు రాగానే ఆపేయడానికి. మూడు.

ఢాం!

ఆ చప్పుడు విని పద్నాలుగు నెలలైంది. నేనే ఎగిరిపడ్డాను. సన్నటాయన డైరెక్టర్ గారి వెనకా, డైరెక్టర్ గారు ఫైలు వెనకా దాక్కున్నారు. పై దవడలో సగం కడ్డీ, కింది దవడలో సగం. మంచి ఇనుము విరిగేముందు నడుము సన్నబడి, సాగి, ముందే చెబుతుంది. ఇది సాగనే లేదు. కట్టెపుల్లలా తెగింది. విరిగిన చోట గింజలు గింజలుగా మెరుస్తోంది, మధ్యలో నల్లగా కిట్టం, అంటే ఇనుము మడ్డి.

ముందు నూకరత్నమే అడిగింది.

“ఎంతకాడ?”

నేను ముందు చూసింది డైరెక్టర్ గారి ముఖం వంక. ఇది దాచను. ఆయన తల అడ్డంగా ఊపుతున్నారు. అప్పుడు డయలు చూశాను. బరువు పోగానే నల్లముల్లు సున్నాకి పడిపోయింది. ఎర్రముల్లు మాత్రం కడ్డీ ఎక్కడ విరిగిందో అక్కడే నిలబడిపోయింది. దానికి విలీనం భయం లేదు.

“మూడు పాయింట్ రెండు టన్నులు,” అన్నాను. “ఎనిమిది రావాలమ్మా.”

ఆమె అప్పటికే ఫోను తీసింది. “ఒరే ఎల్లాజీ! గొలుసు ఇప్పీయండి. లాగొద్దు… బోటోడు తిడితే తిట్టనీ. పోటు పోతే పోనీరా, రేపు మళ్ళీ వస్తాది. మీరొస్తారేటి?” ఫోను పెట్టేసి, మెషిన్‌కి దండం పెట్టింది. నాకు కాదు. సరిగ్గానే పెట్టింది.

ఈలోగా పైడిరాజు అలవాటు కొద్దీ రెండు ముక్కలూ దవడల్లోంచి తీసి, బల్ల మీద ఒకదానికొకటి కలిపి, స్కేలు పెట్టి సాగుడు కొలుస్తున్నాడు. డైరెక్టర్ గారు అటు చూశారు. ముఖం వెలిగిపోయింది.

“చూశారా! అఖండం! చప్పుడు ఒక్కటే, కడ్డీ యథాతథం!” అని చప్పట్లు కొట్టారు. బృందం ఊపిరి పీల్చుకుంది. ఫొటోగ్రాఫరు ఫొటో తీశాడు. కొత్త బూట్లాయన ముచ్చటపడి కడ్డీని ఒక చివర పట్టుకుని పైకి ఎత్తాడు. రెండో సగం ఆయన బూటు మీద పడింది.

పావుగంటలో విచారణ కమిటీ వేశారు. బృందాన్ని తీసుకుని అందరూ పక్కనున్న సమావేశ మందిరంలోకి వెళ్ళారు. నన్ను తర్వాత పిలుస్తామన్నారు. నూకరత్నం రేవుకి బయల్దేరింది.

ల్యాబ్‌లో పైడిరాజు, తబస్సుమ్, నేను మిగిలాం. నేను స్టూలు మీద కూలబడ్డాను. బల్ల గురించీ, జిరాక్స్ మెషిన్ గురించీ ఆలోచించాలి నిజానికి. కానీ ఇంకో ఆలోచన వచ్చింది. ఆ కడ్డీ ఇంకొంచెం మంచిదై, నాలుగున్నర టన్నులకి విరిగేదైతే? నాలుగు దగ్గర నేను ఆపేసేవాణ్ణి. అఖండమని రాసిచ్చేవాణ్ణి. రెండింటికి పన్నెండుమంది ఆ గొలుసు పక్కన నిలబడేవాళ్ళు. ఇవాళ వాళ్ళు బతికింది నా ధైర్యం వల్ల కాదు. ఆ కడ్డీ నేను అనుకున్నదానికన్నా నాసిరకమైంది, అంతే.

గోడ పొడుగునా అద్దాల బీరువాలు. తొమ్మిది వందల పైచిలుకు ముక్కలు, ఒక్కోదానికీ నా సంతకంతో ఒక్కో చీటీ. నాకు వాటి వంక చూడాలంటే భయమేసింది.

పైడిరాజు బోర్డు మీద 412 తుడిచి సున్నా వేసి వచ్చాడు. సుద్దముక్క చేతిలోనే ఉంది.

“బాబూ, ఒకటడగనా? ఇయ్యాల ఇంకోటి ఇరిగితే బోర్డు మీద ఏటి రాయాలి?”

“సున్నా.”

“పది ఇరిగితే?”

“సున్నాయే.”

ముగ్గురం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం. తబస్సుమ్ వెళ్ళి బీరువా తాళాలు తెచ్చింది.

ముందు తుక్కు డీలరు కడ్డీలు తీశాం. ఢాం. నాలుగు పాయింట్ ఆరు. ఢాం. నాలుగు పాయింట్ ఒకటి. నేను చదువుతుంటే తబస్సుమ్ రాస్తోంది. నా గొంతు కాస్త గట్టిపడినట్టు నాకే వినిపించింది. పదహారో చప్పుడుకి డైరెక్టర్ గారు పరిగెత్తుకొచ్చారు.

“త్రినాథం గారూ! ఏమిటీ ఉగ్రవాదం? అక్కడ గ్లాసుల్లో నీళ్ళు తొణుకుతున్నాయి!”

నేను లేచి నిలబడ్డాను. ఆయన భాషలో మాట్లాడటం నాకు బాగా అలవాటైపోయింది. “సర్, నేటి తేదీకి నష్టం నమోదు ఉదయమే జరిగిపోయింది. నిబంధన మూడు (బి) ప్రకారం ఒక దినమునకు ఒకే నమోదు. కావున ఇప్పుడు విరుగుచున్నవి నిబంధనల దృష్ట్యా విరుగుట లేదు.”

ఆయన జేబులోంచి సర్క్యులర్ తీసి చదువుకున్నారు. రెండోసారి చదివారు. కింద ఆయన సంతకమే ఉంది. ఆయన దేన్నైనా కాదనగలరు గానీ, తన సంతకాన్ని కాదనలేరు. “సాయంత్రం అయిదింటికల్లా ఈ దినం ముగియాలి,” అని చెప్పి, తలుపు మెల్లగా వేసి వెళ్ళిపోయారు.

అయిదింటికి నలభై ఆరు విరిగాయి. ఏడు నాసివి. ఆ రకం ఎవరెవరు కొన్నారో కనుక్కుని వాళ్ళకి ఫోన్లు చేశాను. ‘నేను రాసిచ్చిన కాగితం నమ్మకండి’ అని నోటితో చెప్పడం ఎంత కష్టమో, రాసిచ్చేటప్పుడు అది ఎంత సులువుగా ఉండేదో అప్పుడు తెలిసింది. ఇద్దరు బూతులు తిట్టారు. వాళ్ళకి థాంక్స్ చెప్పాను.

మర్నాడు బోర్డు మీద ‘1’ వేయాలి. వేస్తే మళ్ళీ చేతులు కట్టేసినట్టే. పైడిరాజు తొమ్మిదిన్నరకల్లా ఒక చిన్న ముక్క విరగ్గొట్టి సున్నా నిలబెట్టాడు. ఆ పైన రోజంతా మాది. అలా నెల పట్టింది. బీరువాలు ఖాళీ అయ్యాయి. కొబ్బరికాయని మాత్రం పెరట్లోకి తీసుకెళ్ళి కొట్టాం.

ర్యాంకు ఏమైందంటారా? దరఖాస్తుతో పాటు బల్ల మీద కలిపిపెట్టిన ముక్కల ఫొటో జతచేశారు. ఫొటోలో అఖండంగానే ఉంది. నలభై ఏడో ప్రశ్నకి యాభైకి నలభై ఎనిమిది వచ్చాయి. నన్ను మెకానికల్లో విలీనం చేశారు. బల్ల జిరాక్స్ మెషిన్ పక్కనే. డ్రాయరు ఊహించినట్టే పట్టదు. ఈమధ్య డైరెక్టర్ గారికి నిశ్శబ్ద ప్రాంగణం మీద మక్కువ పుట్టింది, అందుకని పైడిరాజు లాగుడు మెషిన్ చుట్టూ పాత పరుపు కట్టాడు. తబస్సుమ్ పగుళ్ళు బాగా పెరుగుతున్నాయి. నూకరత్నం కొత్త కడ్డీ తెచ్చింది. ఎనిమిది పాయింట్ నాలుగు. నడుము సన్నబడి మరీ విరిగింది. కాగితం మీద ఆ అంకె రెండుసార్లు తడిమి చూసుకుని పట్టుకెళ్ళింది.

మొత్తం మీద తేలిన నాసివి ముప్పై ఎనిమిది. ముప్పై ఏడు చోట్లకి కబురందింది. ముప్పై ఎనిమిదోది ఊయల కొక్కెం. నూట ఎనభై కిలోలకే తెగింది. ఇద్దరు పిల్లలు ఒకే ఊయల మీద నిలబడి గట్టిగా ఊగితే చాలు. కాంట్రాక్టరు నంబరుకి చేస్తే ఆ నంబరు వాడుకలో లేదంటోంది. చిరునామా దగ్గర ‘వివిధ పట్టణాల పార్కులు’ అని ఉంది. ఆ కాలమ్ అలా వదిలేసింది నేనే.

అందుకని ఆదివారాలు పైడిరాజూ నేనూ బస్సెక్కి ఏదో ఒక ఊళ్ళో దిగుతాం. పార్కు ఎక్కడని అడుగుతాం. పిల్లల్ని కాసేపు పక్కకి నిలబడమని బతిమాలి, ఇద్దరం కలిసి ఒక్కో ఊయల ఎక్కి, బలమంతా పెట్టి కుదుపుతాం. తల నెరిసిన ఇద్దరు మగాళ్ళు ఊయల మీద ఎగిరెగిరి పడుతుంటే జనం పగలబడి నవ్వుతారు. నవ్వనీ, నేను చేసినవాటిలో దాచుకోవాల్సినవి వేరే ఉన్నాయి.

మొన్న ఏడో ఊళ్ళో వాచ్‌మన్ కర్ర పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. “ఏటండీ పెద్దోళ్ళయ్యుండి! దిగండి, ఊయల ఇరిగిపోద్ది!”

“అందుకే ఎక్కేం బాబూ,” అన్నాడు పైడిరాజు, ఇంకోసారి కుదుపుతూ.